తొలి ఏడాది అమ్ముడైంది 51 రేజర్లే!

విజయవాడ వన్ టౌన్‌లో పొద్దున్నే ఏ చిన్న సెలూన్‌లోకైనా వెళ్లి కూర్చోండి. గోడకి అద్దం, గిన్నెలో సబ్బు నురగ, పక్కన పటిక ముక్క ఉంటాయి. మీ వంతు రాగానే ఆయన కాగితం పొట్లంలోంచి కొత్త బ్లేడు తీసి, మధ్యకి విరిచి, సగం ముక్కని కత్తి పిడిలో బిగిస్తారు. మీ గడ్డం అయిపోగానే ఆ ముక్క చెత్తబుట్టలోకి పోతుంది. తర్వాతి వారికి మళ్లీ కొత్తది. మనం పట్టించుకోని ఈ ‘వాడి పారేయడం’ వెనక ఒక మనిషి నలభై ఏళ్ల తడబాటు ఉంది. ఆయన పేరు కింగ్ క్యాంప్ జిల్లెట్.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆయన గురించి ఎందుకు చెబుతున్నానంటే, నలభై ఏళ్లు వచ్చేదాకా ఆయన కూడా సాధించిందేమీ లేదనే బాధతో తిరిగినవాడే. ఇంజినీరింగ్ అయిపోయి రెండేళ్లు ఖాళీగా కొత్తపేటలో ఒక గదిలో ఉన్నప్పుడు నేను చదివిన జీవితం ఇది. అప్పుడు నాకు పనికొచ్చింది. మీకూ పనికొస్తుందనుకుంటున్నా.

కాలిపోయిన ఊరు, తిరుగుడు ఉద్యోగం

జిల్లెట్ 1855 జనవరి 5న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, ఫాండ్ డు లాక్‌లో పుట్టారు. తర్వాత కుటుంబం షికాగో చేరింది. వాళ్ల నాన్నది ఇనుప సామాన్ల వ్యాపారం. 1871లో షికాగో నగరాన్ని బూడిద చేసిన పెద్ద అగ్నిప్రమాదంలో ఆ వ్యాపారం కూడా పోయింది. అప్పటికి ఆయనకి పదహారేళ్లు. ఇక చదువు ఊసు లేదు, పనిలో పడాల్సిందే. ఊరూరా తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్ అయ్యారు.

ఇంట్లో అందరికీ ఏదో ఒకటి కొత్తగా చేయాలనే పిచ్చి ఉండేది. అమ్మ ఫ్యానీ రాసిన వంటల పుస్తకం 1887లో అచ్చయి దశాబ్దాల పాటు అమ్ముడుపోయింది. ఈయన కూడా సరుకు అమ్ముతూనే చిన్న చిన్న పరికరాలు కనిపెట్టి పేటెంట్లు తీసుకున్నారు. వాటివల్ల డబ్బు మాత్రం రాలేదు. పేటెంటు చేతిలో ఉన్నంత మాత్రాన జేబు నిండదని ఆయనకి తొందరగానే తెలిసొచ్చింది. మీ ఫైల్లో ఉన్న సర్టిఫికెట్ల కట్ట గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.

సీసా మూత నేర్పిన పాఠం

1891లో ఆయన బాల్టిమోర్‌లోని ఒక సీసా మూతల కంపెనీలో సేల్స్ ఉద్యోగంలో చేరారు. ఆ కంపెనీ యజమాని విలియం పెయింటర్. సోడా, కూల్‌డ్రింక్ సీసాలకి అంచు ముడతలు పడిన రేకు మూత ఉంటుంది చూడండి, దాన్ని కనిపెట్టింది ఆయనే. ఒకసారి తీసేశాక మూతతో పనుండదు, మళ్లీ సీసా నింపాలంటే మళ్లీ మూత కొనాల్సిందే. జిల్లెట్ బుర్ర తెలిసిన పెయింటర్, జనం వాడి పారేసి మళ్లీ కొనడానికి వచ్చే వస్తువు ఏదైనా ఆలోచించమని సలహా ఇచ్చారు.

ఆ మాట జిల్లెట్‌ని నిద్రపోనివ్వలేదు. రోజువారీ వస్తువులన్నీ అక్షరమాల వరసలో రాసుకుని మరీ ఆలోచించారని చెబుతారు. ఏళ్లు గడిచినా ఏమీ తట్టలేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 1894లో ఆయన ఒక పుస్తకం రాశారు. వ్యాపారాల మధ్య పోటీ అంతా దండగ, సమాజమంతా ఒకే కంపెనీగా మారాలి, నయాగరా జలపాతం కరెంటుతో నడిచే ఒకే ఒక మహానగరంలో జనమంతా ఉండాలి అని అందులో వాదించారు. పోటీని అంతగా తప్పుపట్టిన మనిషే ఆ తర్వాత పోటీ మార్కెట్లో పెద్ద పేరయ్యారు. మనుషులు బయోడేటాలో రాసుకున్నంత తిన్నగా ఉండరు.

1895, అద్దం ముందు

అప్పట్లో గడ్డం గీసుకోవడం చిన్న పని కాదు. మడత కత్తిని రోజూ తోలు పట్టీ మీద రుద్దాలి. కొన్నాళ్లకి తోలు కూడా పనిచేయదు, సాన పట్టించాల్సిందే. చెయ్యి జారితే గొంతుకే ప్రమాదం. కాంఫ్ అన్నదమ్ములు 1880లో ‘స్టార్’ అనే సేఫ్టీ రేజర్ తెచ్చారు. అది కోసుకుపోకుండా కాపాడేది కానీ అందులోదీ మందపాటి బ్లేడే. దానికీ పదును పెట్టే బాధ తప్పలేదు. అంటే ‘సేఫ్టీ రేజర్’ కనిపెట్టింది జిల్లెట్ కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి, క్విజ్‌లో కూడా చాలామంది తప్పు చెబుతారు.

1895 వేసవిలో ఒక పొద్దున, బ్రూక్‌లైన్ అనే ఊళ్లో అద్దం ముందు నిలబడిన జిల్లెట్‌కి కత్తి మొద్దుబారి కనిపించింది. గీసేది అంచు ఒక్కటే కదా, మరి వెనకాల ఇంత ఇనుము ఎందుకు అనిపించింది. సన్నటి ఉక్కు రేకుకి రెండు వైపులా పదును పెట్టి, పిడిలో బిగించి, మొద్దుబారగానే పారేస్తే? ఆ ఒక్క నిమిషంలో మొత్తం రేజర్ కళ్ల ముందు కనపడిందట. వెంటనే బజారుకెళ్లి ఉక్కు రిబ్బను, ఇత్తడి ముక్కలు, ఆకురాళ్లు కొనుక్కొచ్చారు. ఊళ్లో లేని భార్యకి మన దశ తిరిగిందని ఉత్తరం రాశారు.

దశ తిరగడానికి ఇంకా ఎనిమిదేళ్లు పట్టింది.

తెలియనిది ఒప్పుకోవడం

సమస్య ఉక్కుతో వచ్చింది. కాగితం లాంటి రేకుని గట్టిపరచబోతే వంకరపోతుంది, పదును నిలవదు. లోహాల గురించి తెలిసినవాళ్లు చాలామంది ఇది అయ్యే పని కాదన్నారు. పేరున్న ఎంఐటీ సంస్థ వాళ్ల అభిప్రాయమూ అదే. ఉక్కు సంగతులు బాగా తెలిసుంటే అసలు మొదలే పెట్టేవాణ్ని కాదని జిల్లెట్ తర్వాత ఒప్పుకున్నారు. తెలియకపోవడం ఆయనకి అలా కలిసొచ్చింది.

కానీ తెలియనితనంతో మొదలుపెట్టొచ్చేమో గానీ, పూర్తిచేయలేం. ఆరేళ్లు తంటాలు పడ్డాక ఆ పని తెలిసిన మనిషి దొరికారు. విలియం నికర్సన్, అదే ఎంఐటీలో చదివిన ఇంజినీరు. సన్నటి రేకుని వంకరపోకుండా గట్టిపరిచే పద్ధతినీ, పదును పెట్టే యంత్రాలనీ తయారుచేసింది ఆయనే. 1901లో కంపెనీ పెట్టారు. నికర్సన్ పేరు పెడదామంటే, ఇంగ్లిష్‌లో ‘నిక్’ అంటే గాటు. రేజర్‌కి ఆ పేరు పెడితే ఎవరు కొంటారు? అలా జిల్లెట్ పేరే ఖాయమైంది. ప్రపంచమంతా వాడిన వస్తువుని నిలబెట్టిన ఇంజినీరు పేరు మాత్రం ఈ రోజు ఎవరికీ తెలియదు. ఇంజినీర్లం కాబట్టి మనమైనా గుర్తుపెట్టుకుందాం.

51 నుంచి 90 వేలకి

1903లో అమ్మకాలు మొదలయ్యాయి. ఏడాది మొత్తానికి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మన కాళేశ్వరరావు మార్కెట్ సందుల్లో హోల్‌సేల్ కొట్టాయన ఒక్క పూటలో అమ్మేసేంత సరుకు! కంపెనీ అప్పుల్లో ఉంది. జాన్ జాయిస్ అనే బోస్టన్ వ్యాపారి డబ్బు పెట్టబట్టి నిలబడింది. ఇంకో విషయం, జిల్లెట్ అప్పటికీ సీసా మూతల ఉద్యోగం వదల్లేదు. కొత్త కంపెనీ జీతం ఇవ్వలేని స్థితిలో ఉంటే, 1904లో పాత కంపెనీ పని మీద కుటుంబంతో లండన్ కూడా వెళ్లారు. స్టార్టప్ అంటే మర్నాడే రాజీనామా అనుకునేవాళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవండి.

1904 నవంబర్ 15న పేటెంట్ వచ్చింది. ఆ ఏడాది 90 వేలకి పైగా రేజర్లు అమ్ముడయ్యాయి. బ్లేడు పొట్లం మీద ఆయన మీసాల బొమ్మ, సంతకం వేయడంతో ప్రపంచంలో ఏ మూలకెళ్లినా ఆ ముఖాన్ని గుర్తుపట్టేవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొంది. ఇంటికొచ్చిన సైనికులకి సొంతంగా గడ్డం గీసుకోవడం అలవాటైపోయింది.

రేజర్ ఊరికే ఇచ్చి, బ్లేడ్ల మీద సంపాదించాడని మీరు మేనేజ్‌మెంట్ క్లాసులో వినే ఉంటారు. ప్రింటర్ చవగ్గా ఇచ్చి ఇంకు మీద లాగే కంపెనీలకి ఈ కథే ఉదాహరణగా చెబుతారు. అసలు జరిగింది వేరు. పేటెంట్ ఉన్నన్నాళ్లూ జిల్లెట్ రేజర్ సెట్ ధర 5 డాలర్లు. ఆ రోజుల్లో మామూలు కార్మికుడికి అది వారం జీతంలో పెద్ద ముక్కే. 1921లో పేటెంట్ గడువు ముగిసి, పోటీ కంపెనీలు మీదికొచ్చాక గానీ పాత తరహా రేజర్‌ని ఒక డాలర్‌కి దించలేదు. ఇంటర్వ్యూలో ఈ ఉదాహరణ వాడే ముందు ఇది గుర్తుంచుకోండి.

చివరి లెక్క

ఇక్కడితో ఆపేస్తే మంచి సక్సెస్ స్టోరీ. కానీ మిగతాది కూడా మీరు తెలుసుకోవాలి.

కంపెనీ పట్టు కోసం జాయిస్‌తో ఏళ్ల తరబడి గొడవ నడిచింది. 1910లో జిల్లెట్ తన వాటాలో చాలా భాగం దాదాపు 9 లక్షల డాలర్లకి అమ్మేశారు. పేరుకి ప్రెసిడెంట్, నడిపేది వేరేవాళ్లు. అదే ఏడాది తన కలల ‘ప్రపంచ కంపెనీ’కి అధ్యక్షుడిగా ఉండమని మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కి పది లక్షల డాలర్లు ఇవ్వజూపారు. ఆయన ఒప్పుకోలేదు. జిల్లెట్ కాలిఫోర్నియా వెళ్లి భూములు కొన్నారు, పెద్ద భవంతి కట్టించారు. 1929లో షేర్ మార్కెట్ కూలింది. మరుసటి ఏడాది పోటీ కంపెనీతో విలీనం జరిగేటప్పుడు లాభాలు ఎక్కువ చేసి చూపించిన సంగతి బయటపడి జిల్లెట్ కంపెనీ షేరు పడిపోయింది. 1932 జూలై 9న ఆయన చనిపోయేనాటికి ఆస్తి చాలావరకు కరిగిపోయింది. ఆయన పేరున్న కంపెనీని 2005లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సుమారు 5,700 కోట్ల డాలర్లకి కొంది.

ఆయన పోయిన డెబ్భై ఏళ్లకి జరిగిన ఇంకో ముచ్చట మనకి బాగా దగ్గరిది. 2002లో మన దేశం కోసం ఆ కంపెనీ ఒక రేజర్ తయారుచేసి, ఎంఐటీలో చదువుతున్న భారతీయ విద్యార్థుల మీద పరీక్షించింది. వాళ్లకి తెగ నచ్చింది. ఇక్కడికొచ్చేసరికి దెబ్బతింది. ఎందుకంటే మన ఇళ్లలో చాలామంది చెంబులోనో మగ్గులోనో నీళ్లు పెట్టుకుని గీసుకుంటారు. ధారగా పడే కుళాయి లేకపోతే ఆ రేజర్‌లో వెంట్రుకలు ఇరుక్కుపోయాయి. తర్వాత ఇళ్లకొచ్చి చూసి, నాలుగే భాగాలతో కొత్త రేజర్ చేసి 2010లో 15 రూపాయలకి అమ్మారు. జిల్లెట్‌కి తన అద్దం ముందే సమస్య దొరికింది. వీళ్లకి మన మగ్గు చూస్తే గానీ దొరకలేదు. మీ ప్రాజెక్టు ఏదైనా, వాడేవాళ్ల ఇంటికి వెళ్లి చూశారా లేదా అన్నదే ప్రశ్న.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్న

నా మొదటి ఇంటర్వ్యూ రోజు హడావిడిగా, పొడి గడ్డం మీద కొత్త బ్లేడు పెట్టి చుబుకం కోసుకున్నా. కాలర్ మీద రక్తపు చుక్కతో వెళ్లా. ఉద్యోగం రాకపోవడానికి అదే కారణమని చెప్పను గానీ, లోపల కూర్చున్నంతసేపూ నా ధ్యాస కాలర్ మీదే ఉంది. ఆ తర్వాత అన్ని రకాలూ వాడి చూశా. నాకు తేలింది ఇది.

సబ్బా, క్రీమా, ఫోమా? డబ్బాలోంచి వచ్చే ఫోమ్ త్వరగా అయిపోతుంది, ఖర్చెక్కువ. గుండ్రటి సబ్బు, బ్రష్ అయితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది కానీ నెలల తరబడి వస్తుంది. బ్రష్‌తో రుద్దేటప్పుడు నీళ్లు వెంట్రుకకి బాగా పట్టి మెత్తబడుతుంది, అసలు పని అక్కడే జరుగుతుంది. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లలో సబ్బు నురగ రాదు, అలాంటి గదిలో ఉంటే తాగే నీళ్లు కొంచెం వాడండి, లేదా క్రీమ్ మేలు.

రేజర్ విషయానికొస్తే, రెండు మూడు బ్లేడ్ల కాట్రిడ్జ్ తొందరపాటుని క్షమిస్తుంది. జిల్లెట్ మార్కు రెండు అంచుల బ్లేడు క్షమించదు కానీ పది బ్లేడ్ల ఖర్చు ఒక పూట టిఫిన్‌ది. నొక్కకుండా, ముప్ఫై డిగ్రీల వాలులో, వెంట్రుక పెరిగిన వైపే గీయండి. చివర చన్నీళ్లు, పటిక. ఏ పద్ధతైనా సరే, ఇంటర్వ్యూ రోజు మొదటిసారి ప్రయత్నించొద్దు. వారం ముందే అలవాటు చేసుకోండి.

భవానీ దీక్షలో ఉండి గడ్డం తీయని వాళ్లు కూడా మనలో ఉంటారు. వాళ్లేం కంగారు పడక్కర్లేదు. శుభ్రంగా దువ్వుకుని వెళ్లి, అడిగితే విషయం చెప్పండి చాలు.

రేపు పొద్దున్న అద్దం ముందు నిలబడినప్పుడు ఒక్క నిమిషం గుర్తుచేసుకోండి. చదువు ఆగిపోయిన, నాలుగు పేటెంట్లూ డబ్బు తేని ఒక సేల్స్‌మన్ నలభయ్యో ఏట అలాగే నిలబడ్డాడు. మొదటి ఏడాది లెక్క 51. మీకు వచ్చిన రిజెక్షన్ మెయిళ్లు అన్ని ఉన్నాయా? ఉన్నా ఫర్వాలేదు. ఇంకొకటి అప్లై చేయండి.