సుక్కూరు దాహం తీర్చిన విశ్వేశ్వరయ్య

చింతపల్లి: ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకొనేది మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతినే. ఆయన పూర్వీకులది బేస్తవారిపేట సమీపంలోని మోక్షగుండం.

1884లో ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. సింధునది ఒడ్డున ఉన్న సుక్కూరుకు నాడు బురదనీరే దిక్కు. వడపోత తొట్లు కట్టేందుకు మునిసిపాలిటీ వద్ద సొమ్ము లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి తవ్వించి, ఇసుకలో ఊరి తేటపడిన నీటిని 1895లో పట్టణానికి అందించారు. గెడ్డ ఇసుకలో చెలమ తీసుకునే మన్యం వాసులకు ఈ సూత్రం కొత్తది కాదు.

1908 మూసీ వరదల అనంతరం ఆయన సూచించిన జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ హైదరాబాదుకు తాగునీరిచ్చాయి. 1917లో బెంగళూరులో ఇంజినీరింగ్ కళాశాల నెలకొల్పి భావితరాలకు శిక్షణ సమకూర్చారు. 1955లో భారతరత్న పొందిన ఆయన 1962లో కన్నుమూశారు.

కొండపల్లెల్లో నీటి పథకాలు నడిపే సిబ్బంది శిక్షణకు సుక్కూరు బావి తొలి పాఠం కాదగినది.