రక్తము, ఆకు, శిల: హాన్స్ ఫిషర్ జీవితం

రసాయన శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులకు హాన్స్ ఫిషర్ పేరు కొత్తది కాదు. రక్తానికి ఎరుపును, ఆకుకు పచ్చదనాన్ని ఇచ్చే పదార్థాల నిర్మాణాన్ని శోధించినవాడాయన. అయితే ఆయన ప్రయోగశాలలో పెంపొందిన విద్య భూగర్భ శిలల చరిత్రను సైతం తెలిపిందన్న సంగతి పాఠ్యగ్రంథాలలో అంతగా కనబడదు.

ఫిషర్ 1881 జులై 27న జర్మనీలో మైన్ నదీతీరాన ఉన్న హోక్స్ట్‌లో జన్మించినాడు. రసాయన శాస్త్రంలోను, వైద్యంలోను పట్టాలు పొంది, ఇన్స్‌బ్రుక్, వియన్నాలలో బోధించి, 1921లో మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో ఆచార్యుడైనాడు. 1929లో హెమిన్‌ను కృత్రిమంగా నిర్మించినాడు. నాలుగు పైరోల్ వలయాలు కూడిన పోర్ఫిరిన్ చట్రం, దాని నడుమ ఇనుము: ఇదీ హెమిన్ స్వరూపం. పత్రహరితంలోనూ దాదాపు అదే చట్రం; నడుమ మాత్రం మెగ్నీషియం. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

ఆయన వద్ద పనిచేసిన ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ఈ పరిజ్ఞానాన్ని ముడి చమురు వైపు మళ్ళించినాడు. 1934లో చమురులోను, చమురు నిండిన షేల్ శిలలలోను పోర్ఫిరిన్లను కనుగొన్నాడు. మెగ్నీషియం తొలగి వెనేడియం వచ్చి చేరింది గాని, చట్రం చెదరలేదు! చమురు జీవజన్యమా, లేక మెండెలియెవ్ భావించినట్లు లోహ కార్బైడులపై నీరు పనిచేయగా పుట్టిందా అన్న వివాదంలో ఇది గట్టి సాక్ష్యమైనది. ట్రైబ్స్ అంతటితో ఆగలేదు. పోర్ఫిరిన్లు ప్రాణవాయువు తగిలితే నశిస్తాయి, అధికోష్ణానికీ నిలువవు. కనుక ఆ జీవావశేషాలు ప్రాణవాయువు లేని బురదలో పూడుకొని ఉండాలి. చమురు కూడా మహోష్ణంలో పుట్టి ఉండదు. నేటికీ నల్లసముద్రపు లోతులలో ప్రాణవాయువు లేదు. అట్టి చోట్లనే అవశేషాలు కుళ్ళి నశించక మిగులుతాయి. ఎముక లేదు, గుల్ల లేదు. ఒక్క అణువు ఆనాటి సముద్రగర్భ స్థితిని తెలుపుతున్నది. శిలాజమంటే రాతిపై అచ్చు అని మాత్రమే తలచేవారికి ఇది వింతగా తోచవచ్చు.

గురువు జీవితం విషాదాంతమైనది. యుద్ధంలో బాంబుదాడులకు మ్యూనిక్‌లోని ఆయన పరిశోధనాలయం ధ్వంసమైనది. ఆ నిస్పృహలో 1945 మార్చి 31న ఫిషర్ తన ప్రాణాలు తానే తీసుకొన్నాడు. ట్రైబ్స్ 1983 వరకు జీవించినాడు.

సహారా ఎడారిలో, మారిటేనియాకు చెందిన తౌదెని శిలాక్షేత్రపు నల్లని షేల్ నుండి 110 కోట్ల సంవత్సరాలనాటి పోర్ఫిరిన్లను తీసినట్లు 2018లో శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అవి గులాబి రంగులో ఉన్నాయి.