కేరీ గృహములోని లేమి

విలియం కేరీ పేరు తెలుగు క్రైస్తవులకు క్రొత్తది కాదు. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆయన శ్రీరాంపూర్ ముద్రాలయమునుండియే వెలువడెను. ఆయన భార్య డొరోతీని తలచువారు మాత్రము అరుదు.

1781లో వివాహమాడునాటికి కేరీ చెప్పులు కుట్టు పనివాడు. పెండ్లి పుస్తకములో ఆమె సంతకము చేయనేరక గుర్తు వేసెను. ఆ పేదరికమును ఆమె సహించెను. ఇండియాకు మాత్రము రానని పట్టుపట్టి, తుదకు చెల్లెలు తోడురాగా, 1793లో పసిబిడ్డతో ఓడ ఎక్కెను.

కలకత్తాలో సహచరుడు డాక్టర్ థామస్ చేతిలోని సొమ్ము త్వరలోనే కరగిపోయెను. తల్లియు పెద్దకుమారుడును రక్తవిరేచనములతో మంచము పట్టిరి. థామస్ నగరములో సుఖముగా నుండగా తమకు రొట్టెయైనను లేదని అక్కచెల్లెండ్రు కేరీని నిందించిరి. ఆ నింద అన్యాయమనుటకు వీలులేదు. సంఘకార్యమునకు పూనుకొనినవాడు ఇంటి ఖర్చును ఇతరుల చేతికి విడిచిపెట్టెను గదా!

1794లో మద్నాబతి నీలిమందు కర్మాగారమున నెలకు 200 రూపాయల ఉద్యోగము దొరకెను. పూట గడచుట సులువాయెను. అయితే చెల్లెలు పెండ్లి నిశ్చయమై వెనుక నిలిచిపోయెను. ఆ యేటనే ఐదేండ్ల పీటర్ రక్తవిరేచనములతో మరణించెను. ఆ బిడ్డ శవమును మోయుటకు మనుష్యులు దొరకుటయే దుర్లభమాయెను. 1795 నుండి డొరోతీ మతి చలించెను. భర్త తనకు ద్రోహము చేయుచున్నాడని నమ్మి, వీధిలో సహితము ఆయనను వెంబడించి దూషించెను.

కేరీ ఆమెను ఇంటనే ఉంచుకొనెను. శ్రీరాంపూర్‌లో, ఆమె కేకలు వినబడుచుండగనే అనువాదము సాగెను. 1807 డిసెంబరు 8న ఆమె కన్నుమూసెను.