నాడుల గుట్టు విప్పిన ఆక్సెల్‌రాడ్

పిల్లలూ, ఢిల్లీ చలికి జ్వరం తగిలితే మన ఇళ్ళలో ముందు వెతికేది పారాసెటమాల్ బిళ్ళ. అది నొప్పిని తగ్గిస్తుందని 1948లో తేల్చిన ఇద్దరిలో జూలియస్ ఆక్సెల్‌రాడ్ ఒకరు. అయితే ఆయనకు నోబెల్ తెచ్చిన పని వేరే.

ఆయన 1912లో న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి బుట్టలు అల్లేవారు. డాక్టరు కావాలని దరఖాస్తులు పెడితే ఒక్క వైద్య కళాశాలలోనూ సీటు రాలేదు. యూదుల పిల్లలకు ఆ రోజుల్లో సీట్లు కొద్దిగానే ఇచ్చేవారు. చేసేది లేక ఆహారంలో విటమిన్లు పరీక్షించే ఉద్యోగంలో చేరారు. ప్రయోగశాలలో అమ్మోనియా సీసా పేలి ఎడమ కన్ను దెబ్బతింది. పీహెచ్.డి. పట్టా 1955లో గానీ రాలేదు. అప్పటికి నలభై దాటాయి. ట్రాన్స్‌ఫర్ల మధ్య ఎం.ఏ. సాగదీసిన మాకు ఈ సంగతి ఎప్పుడూ గుర్తుంటుంది.

నాడి చివర నుంచి నోరడ్రినలిన్ అనే రసాయనం విడుదలైతే గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాసేపటికి నెమ్మదిస్తుంది. మరి ఆ రసాయనం ఏమైపోతుంది? ఎంజైములు విరగ్గొడతాయని అందరూ అనుకున్నారు. అలాంటి ఎంజైమును ఆక్సెల్‌రాడే కనుగొన్నారు. కానీ దాన్ని ఆపినా గుండె నెమ్మదించడం మాత్రం ఆగలేదు!

రసాయనం వెంట వెళ్ళి చూడాలంటే దానికి రేడియోధార్మిక గుర్తు ఉండాలి. ఏ గుర్తు? కార్బన్-14 సగం తరగడానికి సుమారు 5,730 ఏళ్ళు పడుతుంది, కాబట్టి సంకేతం బలహీనం. ఎక్కువ మోతాదు ఎక్కించాలి. ఎక్కిస్తే రక్తపోటు పెరిగి ప్రయోగమే చెడుతుంది. ట్రిటియం పన్నెండేళ్ళలోనే సగమవుతుంది. చిటికెడు చాలు, గట్టిగా కనిపిస్తుంది. పైగా అది కూడా హైడ్రోజనే, అణువు ఆకారం మారదు. ఈ లెక్క మాకు స్టాఫ్‌రూములో కెమిస్ట్రీ టీచరుగారు బోర్డు మీద వేసి చూపిస్తేగానీ ఎక్కలేదు.

సహోద్యోగి సేమూర్ కెటీ మరో పరిశోధన కోసం ట్రిటియం అడ్రినలిన్ చేయించుకున్నారు. ఆక్సెల్‌రాడ్ అందులో కొంచెం అడిగి తీసుకున్నారు. తరువాత నోరడ్రినలిన్ కూడా అలాగే చేయించారు. పిల్లి మెడలో ఒక పక్క నాడీకణాల ముడిని తీసేసి, ఆ పక్క నాడులు నశించేదాకా వారం ఆగి, మందు ఎక్కించారు. (పిల్లిని తలచుకుంటే మాకు ఇబ్బందిగానే ఉంది.) నాడులున్న పక్క రసాయనం నిలిచింది, లేని పక్క దాదాపు లేదు. అంటే విడుదలైన రసాయనాన్ని నాడే తిరిగి పీల్చుకుంటోంది. చాలావరకు అది పుట్టింటికే చేరుతోందన్నమాట! దిగులు జబ్బుకు ఇచ్చే ఇమిప్రమిన్ ఈ దారినే అడ్డుకుంటుందని కూడా తేలింది.

1970లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు. 1984లో రిటైరయ్యాక కూడా పరిశోధన మానలేదు. 2004లో, 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.