విలియం కేరీ

విలియం కేరీ (ఆగష్టు 17, 1761 - జూన్ 9, 1834) ఇంగ్లాండుకు చెందిన బాప్టిస్టు మిషనరీ, బహుభాషావేత్త, అనువాదకుడు. చెప్పులు కుట్టే వృత్తితో జీవితాన్ని ప్రారంభించి, బోధకునిగా, నీలిమందు కర్మాగార నిర్వాహకునిగా, ఆచార్యునిగా పలు దశలను దాటాడు. తెలుగు భాషకు ఆంగ్లంలో తొలినాళ్ళలో వెలువడిన వ్యాకరణాలలో ఒకటి ఈయన రచించినదే.

బాల్యము, తొలి వృత్తులు

కేరీ నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పురీ గ్రామంలో ఒక నేతపనివాని ఇంట జన్మించాడు. పదునాలుగవ యేట చెప్పులు కుట్టేవాని వద్ద పనికి కుదిరాడు. పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హీబ్రూ భాషలను అభ్యసించాడు. 1781లో డొరొతీ ప్లాకెట్‌ను వివాహమాడాడు. తరువాత మౌల్టన్‌లో ఉపాధ్యాయునిగాను, బోధకునిగాను పనిచేసి, 1789లో లెస్టర్ సంఘానికి మారాడు.

సొసైటీ స్థాపన, భారతదేశ ప్రయాణము

1792 అక్టోబరు 2న కెట్టరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సొసైటీ ఏర్పడింది. ఆనాడు చందాగా వాగ్దానం చేయబడిన మొత్తం 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు మాత్రమే. కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ 1815లో మరణించేవరకు ఊరూరా తిరిగి నిధులు సేకరిస్తూ, లేఖలద్వారా మిషనరీలకు అండగా నిలిచాడు.

డొరొతీ మొదట ప్రయాణానికి అంగీకరించలేదు. చెల్లెలు కేథరిన్ తోడు రావడంతో చివరకు బయలుదేరింది. 1793 నవంబరులో వారు కలకత్తా చేరారు.

నీలిమందు కర్మాగారము

తెచ్చుకున్న ధనం త్వరలోనే ఖర్చయిపోయింది. ఇంగ్లాండు నుండి ఉత్తరం రావడానికే నెలలు పట్టేది. ఈస్టిండియా కంపెనీ మిషనరీలకు అనుమతి ఇచ్చేది కాదు. 1794లో జార్జి ఉడ్నీ అనే కంపెనీ ఉద్యోగి మాల్దా ప్రాంతంలోని మదనాబతిలో తన నీలిమందు కర్మాగారాన్ని కేరీకి అప్పగించాడు. దీనివలన జీవనోపాధితోపాటు దేశంలో నివసించే అవకాశం కూడా లభించింది. అదే సంవత్సరం కుమారుడు పీటర్ విరేచనాల వ్యాధితో మరణించాడు. ఆ తరువాత డొరొతీ మానసిక వ్యాధికి గురై, 1807లో మరణించేవరకు కోలుకోలేదు. ఆమెకు తగిన చికిత్సగాని, ఆదరణగాని ఆ కాలంలో లభించలేదు.

శ్రీరాంపూర్

1800 జనవరిలో కేరీ డేనిష్ పాలనలోని శ్రీరాంపూర్ చేరి, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్‌లతో కలిసి పనిచేశాడు. వారి ఆదాయమంతా ఉమ్మడి నిధికి చేరేది. కేరీ కుమారుల ఆలనాపాలనను హన్నా మార్ష్‌మన్, వార్డ్ చూసుకున్నారు. 1801లో కేరీ ఫోర్ట్ విలియం కళాశాలలో బెంగాలీ ఉపాధ్యాయునిగా నియమితుడై, ఆ జీతంలో అధికభాగాన్ని కూడా ఉమ్మడి నిధికే ఇచ్చాడు.

1812 మార్చి 11న ముద్రణాలయం అగ్నికి ఆహుతి అయ్యింది. కేరీ బహుభాషా నిఘంటువు వ్రాతప్రతులు కాలిపోయాయి. ఈ వార్త తెలిసిన సుమారు రెండు నెలల్లోనే ఇంగ్లాండులోని దాతలు నష్టానికి సరిపడు ధనాన్ని సమకూర్చారు. కేరీ పనిని తిరిగి ప్రారంభించాడు.

సొసైటీతో విభేదాలు

ఫుల్లర్ మరణానంతరం సొసైటీ నాయకత్వం కేరీని వ్యక్తిగతంగా ఎరుగని వారి చేతికి వచ్చింది. శ్రీరాంపూర్ ఆస్తుల యాజమాన్యంపై వివాదం తలెత్తి, 1827లో శ్రీరాంపూర్ మిషను సొసైటీనుండి విడిపోయింది. 1837లో తిరిగి కలిసేనాటికి కేరీ జీవించిలేడు.

తెలుగుతో సంబంధము

కేరీ తెలుగు వ్యాకరణం 1814లో శ్రీరాంపూర్‌లో ముద్రితమైనది. ఇది కాంప్‌బెల్ (1816), సి.పి. బ్రౌన్ (1840) వ్యాకరణాలకంటే ముందుది. 1818లో శ్రీరాంపూర్‌లో కేరీ మిత్రులతో కలిసి స్థాపించిన కళాశాల నేటికీ కొనసాగుతున్నది. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల శ్రీరాంపూర్ సెనేట్‌కు అనుబంధమైనది.

మరణము

నలభై సంవత్సరాలకు పైగా భారతదేశంలో గడిపిన కేరీ, ఒక్కసారైనా స్వదేశానికి తిరిగి వెళ్ళలేదు. 1834 జూన్ 9న శ్రీరాంపూర్‌లో మరణించాడు. ఆయన సమాధి అక్కడే ఉన్నది.