బెంగాలీలో ఫిజిక్స్ చెప్పిన మాస్టారు

మనలో చాలామందికి బోస్-ఐన్‌స్టీన్ స్టాటిస్టిక్స్ అంటే ఎగ్జామ్ ముందురోజు రాత్రి చదివేసి, మర్నాటికల్లా మర్చిపోయిన టాపిక్. ఆ జంటపేరులో మొదటాయన సత్యేంద్రనాథ్ బోస్. ఆయన గురించి ఎక్కడ చదివినా కథ 1924 దగ్గర, ఐన్‌స్టీన్‌కి రాసిన ఉత్తరం దగ్గర ఆగిపోతుంది. లేదంటే నోబెల్ ఎందుకు రాలేదన్న వాదనలోకి మళ్లిపోతుంది. ఆ ఉత్తరం తర్వాత ఆయన దాదాపు యాభై ఏళ్లు బతికారు. నాకు ఆసక్తి ఎక్కువగా ఆ యాభై ఏళ్ల మీదే.

1894 జనవరి 1న కలకత్తాలో పుట్టారు. నాన్నగారిది రైల్వే ఉద్యోగం. ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్రబోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ ఆయనకి గురువులు. 1915 ఎమ్మెస్సీలో ఈయన ఫస్ట్, మేఘనాథ్ సాహా సెకండ్. అశుతోష్ ముఖర్జీ ఆ ఇద్దర్నీ కొత్తగా పెట్టిన యూనివర్సిటీ సైన్స్ కాలేజీలోకి పాఠాలు చెప్పడానికి తీసుకున్నారు.

చిక్కేమిటంటే, చెప్పాల్సిన కొత్త ఫిజిక్స్ చాలావరకు జర్మన్‌లో ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, అక్కణ్ణించి పుస్తకాలు రావు. శివ్‌పూర్ ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసిన బ్రూల్ అనే ప్రొఫెసర్ దగ్గర జర్మన్ పుస్తకాలున్నాయని తెలిసి, వాటిని అరువు తెచ్చుకున్నారు. (ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లం, ఈ ముక్క దగ్గర కాలర్ ఎగరేసుకోవచ్చు.) భాష నేర్చుకుని, సాహాతో కలిసి సాపేక్ష సిద్ధాంతం మీద వచ్చిన అసలు పేపర్లని ఇంగ్లీషులోకి అనువదించారు. 1920లో కలకత్తా యూనివర్సిటీ వాటిని పుస్తకంగా వేసింది. ముందుమాట మహలనోబిస్‌ది.

1921లో ఢాకా యూనివర్సిటీకి రీడర్‌గా వెళ్లారు. ప్లాంక్ సూత్రాన్ని అప్పటిదాకా రాబట్టిన పద్ధతి ఆయనకి నచ్చలేదు. కాంతి కణాలని లెక్కపెట్టే తీరునే మార్చి కొత్త దారిలో రాబట్టారు. 1924 జూన్‌లో ఆ పేపర్‌ని ఐన్‌స్టీన్‌కి పంపుతూ, జర్మన్‌లోకి తిప్పేంత భాష తనకి రాదని, విలువుందనిపిస్తే అచ్చువేయించమని అడిగారు. చదివి అర్థం చేసుకోవడం వేరు, రాయడం వేరు కదా. ఐన్‌స్టీన్ స్వయంగా అనువదించి జర్మన్ పత్రికలో వేయించారు. నాలుగంటే నాలుగు పేజీలు. బోసాన్ అనే పేరు అలా పుట్టింది, అదంతా మీకు తెలిసిందే. నాకు గమ్మత్తుగా అనిపించేది వేరే ఉంది. ఐన్‌స్టీన్‌ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషిని, నాలుగేళ్లకి ఐన్‌స్టీనే జర్మన్‌లోకి తీసుకెళ్లారు. భాష అనే గోడ ఎంత ఎత్తుంటుందో బోస్ రెండు వైపుల నుంచీ చూశారు.

యూరప్‌లో రెండేళ్లు ఉండి తిరిగొచ్చి, డాక్టరేట్ లేకుండానే ఢాకాలో ప్రొఫెసర్ అయ్యారు. 1945 దాకా అక్కడే. ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీ ల్యాబ్ పెట్టారు, కెమిస్ట్రీ వాళ్ల సమస్యల్లోనూ తలదూర్చారు, ఎస్రాజ్ వాయించారు. 1937లో టాగూర్ మామూలు పాఠకుల కోసం విశ్వపరిచయ్ అనే సైన్సు పుస్తకం రాసి బోస్‌కి అంకితమిచ్చారు. ఒక కవి రాసిన సైన్సు పుస్తకం ఒక ఫిజిక్స్ మాస్టారికి అంకితం కావడం, మన లిటరరీ క్లబ్‌కి కూడా ఊహకందని సంగతి!

తిరిగి కలకత్తా వచ్చాక, స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఆర్నెల్లు కాకుండానే, 1948 జనవరి 25న బంగీయ విజ్ఞాన్ పరిషత్ మొదలుపెట్టారు. దాని మాసపత్రిక పేరు జ్ఞాన్ ఓ బిజ్ఞాన్. అణువులైనా, చీమల బతుకైనా, యూనివర్సిటీ గోడల లోపల తెలిసింది బడిపిల్లాడికీ ఇంగ్లీషు రానివాళ్లకీ బెంగాలీలో అందాలన్నది ఆలోచన. ఆ పత్రికకి ఏళ్ల తరబడి సంపాదకత్వం చేసింది గోపాల్ చంద్ర భట్టాచార్య. ఈయన కాలేజీ చదువు మధ్యలో ఆగిపోయిన మనిషి. బోస్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ చీమల మీద, సాలీళ్ల మీద పరిశోధన చేశారు. అలాంటాయన చేతుల్లో పత్రిక ఉండటం నాకు భలే నచ్చింది.

బోస్ పీజీ క్లాసుల్లో కూడా బెంగాలీలో చెప్పేవారు. అలాగని ప్రతి సాంకేతిక పదాన్నీ అనువదించి తీరాలన్న పంతం లేదు. జనానికి అలవాటైన ఇంగ్లీషు మాటని అలాగే ఉంచేస్తే ఆయనకేం అభ్యంతరం లేదు. 1956లో విశ్వభారతికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లి, కళల మధ్యకి సైన్సుని తేవాలని చూస్తే అక్కడివాళ్లకి రుచించలేదు. రెండేళ్లకే వచ్చేశారు.

ఆయన జీవితం మొత్తం మీద అచ్చయిన రీసెర్చ్ పేపర్లు సుమారు రెండు డజన్లు. అంత బుర్ర ఉన్నాయన ఈ టైమంతా ఫిజిక్స్ మీదే పెట్టుంటే ఎక్కడుండేవారో అనిపించడం సహజమే. నేను ఆ లెక్కకి పూర్తిగా ఒప్పుకోను. మన ప్రాజెక్టు రిపోర్టుల సంగతే చూడండి. బంగారు అక్షరాల బైండింగుతో డిపార్ట్‌మెంట్ బీరువాలోకి వెళ్తాయి, పక్క బ్రాంచివాడికి కూడా తెలియదు. ఇక ఇంట్లో అమ్మానాన్నలకి మనం ఏం చేశామో చెప్పడానికి మన దగ్గర మాటలే ఉండవు. ఆ మాటలు తయారుచేయడం కూడా పనే. ఎవరో ఒకరు కూర్చుని చేయాలి.

1962లో జపాన్ వెళ్లినప్పుడు అక్కడి శాస్త్రవేత్తలు సీరియస్ చర్చలన్నీ తమ భాషలోనే చేసుకోవడం చూశారు. మరుసటి ఏడు జ్ఞాన్ ఓ బిజ్ఞాన్ ఒక ప్రత్యేక సంచిక తెచ్చింది. అందులో తేలిక వ్యాసాల్లేవు, అన్నీ అసలైన పరిశోధన పత్రాలే, అన్నీ బెంగాలీలోనే. దానికి రాజశేఖర్ బసు పేరు పెట్టారు. ఆయన కెమిస్టు, పరశురామ్ పేరుతో హాస్యకథలు రాసినవాడు, చలంతిక నిఘంటువు కూర్చినవాడూ. మన హైదరాబాద్‌లో ఉస్మానియా 1918లోనే ఉర్దూ మీడియంతో మొదలైంది. తెలుగు అకాడమీ 1968లో వచ్చి ఇంటర్, డిగ్రీ పుస్తకాలు వేసింది. అవి పాఠ్యపుస్తకాలు. బోస్ అడిగింది అంతకంటే పై మెట్టు: కొత్తగా కనుక్కున్నదాన్నే మొదట సొంత భాషలో రాయగలమా అని.

1974 ఫిబ్రవరి 4న, ఎనభై నిండిన నెలకి, కలకత్తాలో పోయారు. పరిషత్ భవనానికి ఆయన పేరే పెట్టారు, సత్యేంద్ర భవన్ అని. చీమల గోపాల్ చంద్రకి 1981లో కలకత్తా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.