మృదంగ విద్వాంసులు తంజావూరు రంగనాథన్

కచేరీ ప్రకటనలలో మృదంగ విద్వాంసుని పేరు గాయకుని పేరునకును, వైలిన్ విద్వాంసుని పేరునకును తరువాతనే కానవచ్చుట ఆచారము. పక్కవాద్యమని పేరుపడిన ఆ విద్యను సముద్రముల ఆవలికి గొనిపోయి, అచ్చటి విద్యార్థులకు పాఠ్యవిషయముగా నిలిపిన వారిలో అగ్రగణ్యులు తంజావూరు రంగనాథన్ గారు.

వారు 1925లో జన్మించిరి. వీణ ధనమ్మాళ్ గారికి దౌహిత్రులు. గాయని జయమ్మాళ్ గారి కుమారులు. నాట్యసరస్వతి బాలసరస్వతి వారి అక్క, వేణుగాన విద్వాంసులు విశ్వనాథన్ వారి తమ్ముడు. ఆ యింటి పలుకు తమిళమే యైనను, అచ్చట నిత్యము వినవచ్చిన పాటలో తెలుగుపాలు మిక్కుటము. క్షేత్రయ్య పదములను తరతరములుగా కాపాడిన కుటుంబములలో దానికి సాటి అరుదు. ఈ విషయమున తెలుగువారు ఆ యింటికి ఋణపడి యున్నారనుట అతిశయోక్తి కాదు. కాని రాజాశ్రయము గతించెను. 1947లో మదరాసు ప్రభుత్వము దేవదాసీ వ్యవస్థను చట్టముచే రద్దుచేసెను. అప్పటికే సమాజముచే చిన్నచూపు చూడబడుచున్న ఆ కళాకుటుంబములకు, విద్య నిలుచునా యను ప్రశ్న జీవన్మరణ సమస్యయే.

రంగనాథన్ గారి గురువులు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై. ఎడమచేతి వాటమున మృదంగము వాయించి మహాకీర్తి గడించిన పిళ్ళైగారు, లెక్కకు ప్రసిద్ధమైన పుదుక్కోట సంప్రదాయమునకు చెందినవారు. శిష్యుడు ఆ లెక్కను అభ్యసించుటయే గాక, అక్కగారి నాట్యమునకు సహకరించుచు మరియొక పాఠమును నేర్చెను. విలంబకాలమున సాగు పదమునకు వాయించుట కంటె వాయింపక నిలుచుట కష్టము. ఈ సంగతి రసికులెరుగుదురు.

మదరాసులో వారియొద్ద మృదంగము నేర్చిన అమెరికను పండితుడు రాబర్ట్ బ్రౌన్ తరువాత కనెక్టికట్ రాష్ట్రమందలి వెస్లియన్ విశ్వవిద్యాలయమున ప్రపంచ సంగీతశాఖకు పునాది వేసెను. 1963లో రంగనాథన్ గారు అచ్చట ఆస్థాన కళాకారులైరి. గురుకులవాసము లేదు, చిన్ననాట చెవినబడిన పాట లేదు, వారమునకు కొన్ని గంటలే తరగతి. అట్టివారికి మృదంగము నేర్పుటెట్లు? వారు నోటితో మొదలిడిరి. చేతితో తాళము వేయుచు నోట సొల్లుకట్టు పలుకుటయే తొలి పాఠము. ఆదితాళపు ఎనిమిది అక్షరములపై, అక్షరమున కొక్క పలుకు చొప్పున "తకిట" అనుచు పోయినచో, మూడు ఆవర్తములకు, అనగా ఇరువదినాలుగు పలుకులకు, సమము చేరును. చెప్పుటకు సులభమే, చేయి తప్పక పలుకుట చూడవలసినదే! ఇట్టి శిక్షణకు వాద్యము అక్కరలేదు, మాతృభాష ఏదైనను చిక్కులేదు.

త్యాగరాజ కృతులను తెలుగు పలుకుబడితో పాడి "భాగవతార్" అనిపించుకొనిన జాన్ హిగ్గిన్స్ కర్ణాటక సంగీతమున తొలి పాఠములు నేర్చినది బ్రౌన్, రంగనాథన్ గారల యొద్దనే. పిదప ఆయన విశ్వనాథన్ గారికి శిష్యుడయ్యెను.

బాలసరస్వతి 1984లోను, రంగనాథన్ గారు 1987లోను కాలధర్మము నొందిరి. విశ్వనాథన్ గారు 2002లో దివంగతులగు వరకు వెస్లియన్‌లోనే బోధించిరి. రంగనాథన్ గారి శిష్యుడు డేవిడ్ నెల్సన్ 2008లో సొల్లుకట్టుపై ప్రకటించిన ఆంగ్ల పాఠ్యగ్రంథము గురువుగారి బోధనాక్రమమునే అనుసరించినది. మృదంగమును ఎన్నడును తాకనివారు సైతము దానిని చేతిలోని తాళముతో, నోటిలోని పలుకుతో మొదలుపెట్టవచ్చును.